మంచు వంతెన మీద తిరిగిపోయిన స్పోర్ట్స్ కారు: ఒక డ్రైవింగ్ శిక్షకుడి కేసు స్టడీ

విజయనగరంలో డ్రైవింగ్ నేర్పడం నా వృత్తి. కొత్తగా నేర్చుకునేవాళ్లతో పాటు, ప్రమాదం జరిగాక మళ్లీ స్టీరింగ్ పట్టుకోలేకపోతున్నవాళ్లు కూడా నా దగ్గరికి వస్తుంటారు. ఈ కేసు రెండో రకానిది. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి చదువుకనీ ఉద్యోగానికనీ మంచు పడే దేశాలకు వెళ్లే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇక్కడ ఎండలోనూ వానలోనూ బండి నేర్చుకుంటారు. అక్కడికి వెళ్లి నాలుగు జీతాలు చేతికి రాగానే, చిన్నప్పటి నుంచి మనసు పడ్డ కారు కొనుక్కుంటారు. ఆ కారుకీ ఆ చలికీ పడదన్న సంగతి వాళ్లకి చెప్పేవాళ్లు ఇక్కడా ఉండరు, అక్కడా ఉండరు.

అతని అనుమతితోనే రాస్తున్నాను. పేరు మార్చాను. ఊరు, అక్కడి నగరం, కారు మోడల్, ఉద్యోగం వదిలేశాను. ఇక్కడ శేఖర్ అందాం.

నేపథ్యం

శేఖర్‌ది శ్రీకాకుళం దగ్గర ఊరు. వయసు ముప్పై లోపు. తండ్రి జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. శేఖర్ పద్దెనిమిదేళ్లకే లైసెన్సు తీసుకున్నాడు, తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు, చక్కగా నేర్చుకున్నాడు. అమెరికాలో, గ్రేట్ లేక్స్ సరస్సుల వైపు ఉన్న ఒక నగరంలో చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఒక వేసవిలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. పెద్ద ఇంజిన్, మాన్యువల్ గేర్లు, ఇంజిన్ శక్తి మొత్తం వెనక చక్రాలకే. వెడల్పాటి టైర్లు. అమ్మినవాళ్లు ఇంజిన్ గురించి, సీట్ల గురించి, రంగు గురించి చెప్పారట. టైర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు, ఇతనూ అడగలేదు.

ఆ చలికాలంలోనే, డిసెంబరులో ఒక ఉదయం, ఆఫీసుకి వెళ్తూ చిన్న వంతెన మీద కారు అదుపు తప్పింది. గుండ్రంగా తిరిగి వెనక భాగంతో రెయిలింగ్‌ని కొట్టింది. భుజం బెణికింది, అంతకుమించి దెబ్బల్లేవు. వేరే ఎవరికీ ఏమీ కాలేదు. కారు మాత్రం బాగుచేయడానికి పనికిరాదని బీమావాళ్లు తేల్చేశారు.

వచ్చిన సమస్య

ఆ రోజు నుంచి శేఖర్ డ్రైవింగ్ మానేశాడు. స్నేహితుల కార్లలో, క్యాబ్‌లలో నెట్టుకొచ్చాడు. తర్వాత ఆఫీసు ఊరి చివరికి మారింది, అక్కడికి బస్సు లేదు. వచ్చే చలికాలం లోపు స్టీరింగ్ పట్టుకోకపోతే ఉద్యోగానికే ఇబ్బంది. ఈలోగా చెల్లెలి పెళ్లికి శ్రావణ మాసంలో ఇంటికొచ్చి, కొన్ని వారాలు ఇక్కడి నుంచే పనిచేసుకునేలా అనుమతి తెచ్చుకున్నాడు.

విశాఖ విమానాశ్రయం నుంచి ఊరికి వస్తుంటే తగరపువలస దగ్గర గోస్తని వంతెన ఎక్కగానే అతని చెయ్యి డోరు పైనున్న హ్యాండిల్‌కి అతుక్కుపోయిందని తండ్రి గమనించాడు. నాతవలస దగ్గర చంపావతి వంతెన మీదా అంతే. కారు నడుపుతున్నది తండ్రి, బయట ముప్పై మూడు డిగ్రీల ఉక్కపోత, రోడ్డు పొడిగా ఉంది. అయినా కొడుకు ఒళ్లంతా చెమట. మర్నాడే తండ్రి నాకు ఫోన్ చేశాడు.

"ముప్పై ఏళ్లు బస్సు తోలాను మాస్టారూ. వీడికి నేనే నేర్పాను. వీడికే ఎందుకిలా అయిపోయింది?" అన్నాడాయన. ఆ ప్రశ్నలో కొడుకు మీద కోపం లేదు, తన మీదే అనుమానం ఉంది. ఇద్దరినీ రమ్మన్నాను.

మొదటి రోజు మూడు సంగతులు రాసుకున్నాను. ఒకటి, మామూలు రోడ్డు మీద శేఖర్‌కి భయం లేదు. విజయనగరం కోట జంక్షన్ రద్దీలో కూడా నిబ్బరంగా నడిపాడు. భయం వంతెనలు, ఫ్లైఓవర్ల దగ్గరే. రెండు, ప్రమాదం గురించి అడిగితే ప్రతిసారీ ఒకే వాక్యం: "ఎక్కువ యాక్సిలరేటర్ ఇచ్చేశాను." మూడు, ప్రమాదం జరిగి ఏడు నెలలు దాటినా వారంలో చాలా రాత్రులు అదే కల వస్తోంది.

మూడోది నా పని కాదు. ప్రమాదం తర్వాత కొద్ది రోజులు కలలు, ఉలికిపాట్లు మామూలే. నెల దాటినా అవి తగ్గకుండా, మనిషి రోజువారీ పనికి అడ్డుపడుతుంటే మానసిక వైద్యులు చూడాలి. విశాఖలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపాను, ఆవిడతో మాట్లాడుకుంటూనే నా వైపు పని చేశాను. కుటుంబం మొదట ఒప్పుకోలేదు. పెళ్లి ఇంట్లో "పిల్లాడికి ఏదో అయిందట" అన్న మాట బయటికి వస్తుందని టెన్షన్. భుజం బెణికితే ఎముకల డాక్టరుకి చూపించారు కదా, ఇదీ ఆ ప్రమాదంలో తగిలిన దెబ్బేనని తండ్రికి విడిగా చెప్పాను. ఆయన ఒప్పుకున్నాక ఇంకెవరూ అడ్డు చెప్పలేదు.

ఏం ప్రయత్నించాం, ఏవి పనిచేయలేదు

ముందు వంతెనలతోనే మొదలుపెట్టాం. భయపడే చోటికి కొంచెం కొంచెంగా వెళ్లి, అక్కడ ఏమీ జరగలేదని మనసుకి తెలిసేదాకా ఉంటే భయం దిగుతుంది. ఇది ఎందరికో పనిచేసిన పద్ధతి. రెండు వైపులా బ్రేకు పెడల్స్ ఉన్న నా చిన్న కారులో తెల్లవారుజామున, రద్దీ లేని వేళ, శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద, తర్వాత మడపం దగ్గర వంశధార వంతెన మీద తిప్పాను.

వంతెన దాటగలిగాడు, కానీ ఎలా దాటుతున్నాడో చూస్తే ఇది కుదరదని అర్థమైంది. వంతెన రాగానే ఊపిరి బిగపట్టి, వేగం ఇరవైకి దించి, రెండు చేతులతో స్టీరింగ్‌ని నలిపేస్తూ అవతలికి చేరేవాడు. చేరాక "ఈసారి బతికాం" అన్నట్టు మొహం. భయం వంతెన చివరికి వచ్చినా తగ్గట్లేదు, మర్నాటికి అంతే ఉంటోంది. ఎందుకని ఆలోచించాను. ఇక్కడి వంతెన మీద మంచు లేదని అతనికీ తెలుసు. కాబట్టి నాగావళి దాటినంత మాత్రాన అతని భయానికి జవాబు దొరకదు. "అక్కడ ఎందుకు జారింది" అన్నది తేలనంతవరకూ ఏ వంతెన అయినా అతనికి అదే వంతెన.

ఈలోగా శేఖర్ తనంతట తానే స్టీరింగ్, పెడల్స్ ఉన్న గేమింగ్ సెట్టు ఒకటి తెప్పించి, కంప్యూటర్‌లో మంచు రోడ్ల మీద నడపడం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల్లో స్కిడ్ అయిన కారుని ప్రతిసారీ సరిచేసేస్తున్నాడు. చూడ్డానికి ఇది ముందడుగే. కానీ ఆ వారం కలలు పెరిగాయి. కారణం అతనే చెప్పాడు: "ఇక్కడ పట్టుకోగలుగుతున్నానంటే ఆ రోజు కూడా పట్టుకోగలిగేవాణ్ణి. నా చేతకానితనమే." తెర ముందు కూర్చున్నవాడికి ఒళ్లు చెప్పే సంకేతం అందదు. కారు వెనక భాగం పక్కకి పోతున్నప్పుడు మొదట తెలిసేది కూర్చున్న సీటు ద్వారా, నడుము ద్వారా. కళ్లకి తర్వాత తెలుస్తుంది. ఆ కొద్ది క్షణం తేడా తెర మీద ఉండదు. ఇదంతా చెప్పి ఆపించేశాను.

ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పడం కూడా ఒక ప్రయత్నమే అనాలి. మేనమామలు, బాబాయిలు, పెళ్లికొచ్చిన ప్రతి పెద్దాయనా "భయమేటి నాయనా, మగాడివి" అంటూ భుజం తట్టారు. అందరి సలహా ఒకటే: ఆ స్పోర్ట్స్ కారు స్పీడు వల్లే, ఇక స్పీడు వద్దు. శేఖర్ నోట్లో ఉన్న "ఎక్కువ యాక్సిలరేటర్" కథ ఇక్కడి నుంచే బలపడింది. స్పోర్ట్స్ కారు, కుర్రాడు, ప్రమాదం అనగానే ఎవరికైనా వేగమే తోస్తుంది. నాకు మాత్రం ఆ కథ మీద నమ్మకం కుదరలేదు. యాక్సిలరేటర్ ఎక్కువైతే వెనక చక్రాలు ఖాళీగా తిరిగిన చప్పుడు, ఇంజిన్ ఒక్కసారి అరిచిన చప్పుడు వినిపించాలి. శేఖర్ చెప్పినదాంట్లో ఎక్కడా ఆ చప్పుడు లేదు.

కాగితం మీద ఆ ఉదయం

కాబట్టి బండి పక్కన పెట్టి, బల్ల మీద చార్టు కాగితం పరిచాను. బీమావాళ్ల ఫోటోలు, పోలీసు రిపోర్టు ప్రతి, మ్యాప్‌లో ఆ వంతెన చిత్రం అన్నీ శేఖర్ ఫోన్లో ఉన్నాయి. ప్రమాదం గురించి మళ్లీ మాట్లాడించడం అతనికి హాని చేస్తుందేమోనని సైకాలజిస్టుని ముందే అడిగాను. తొందరపెట్టకుండా, అతను ఆపమన్నప్పుడు ఆపుతూ చేస్తే పర్వాలేదన్నారు. తండ్రిని కూడా కూర్చోబెట్టాను. ఇది బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఇంట్లో శేఖర్ లెక్క చేసేది ఒక్క డ్రైవరు మాటనే, ఆ డ్రైవరు తన మీద తనకే అనుమానంతో మూగగా ఉన్నాడు.

ముందు రాత్రి సన్నటి వాన పడింది. తెల్లవారేసరికి చలి పెరిగింది. డాష్‌బోర్డు మీద 28 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సున్నాకి రెండు సెల్సియస్ డిగ్రీలు కింద. పక్కనే మంచు రేకు గుర్తు వెలుగుతోంది, శేఖర్‌కి అది గుర్తుంది. కానీ రోడ్డంతా తడిగా నల్లగానే ఉంది, ఇంటి నుంచి వంతెన దాకా కారు ఎక్కడా జారలేదు. అందుకే ఆ గుర్తుని పట్టించుకోలేదు.

వంతెన ముందు గడ్డకడుతుంది. నేల మీది రోడ్డుకి అడుగున భూమి వెచ్చదనం కొంత అందుతూ ఉంటుంది. వంతెనకి పైనా కిందా చల్లగాలే. అందుకే అక్కడిదాకా వచ్చిన రోడ్డు తడి రోడ్డే అయినా, వంతెన మీద మాత్రం అదే నీరు పల్చటి మంచు పొరై ఉంటుంది. ఆ పొరలోంచి కింది తారు నలుపు కనిపిస్తుంది కాబట్టి కంటికి తేడా తెలీదు. ఇంకో సంగతి, మంచు బాగా గట్టిగా గడ్డకట్టిన చలిలో కంటే, సున్నాకి దగ్గర్లో ఉన్నప్పుడే ఎక్కువ జారుతుంది. పైన నీటి తడి ఉంటుంది కదా. ఆ ఉదయం సరిగ్గా ఆ చలే.

తర్వాత టైర్లు. బీమావాళ్ల ఫోటోని పెద్దది చేసి టైరు పక్కగోడ మీది పేరు చదివాం. వేసవి టైర్లు. వేగంగా వెళ్లే కార్లకి వేసే మెత్తటి రబ్బరు రకం. ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్లాక ఆ రబ్బరు బిగుసుకుపోతూ వస్తుంది, రోడ్డు మీద పట్టు తగ్గిపోతుంది. మంచు పడకపోయినా సరే, చలి ఒక్కటి చాలు. శీతాకాలపు టైర్లలో రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండేలా తయారవుతుంది, పైన సన్నటి గాట్లు దండిగా ఉంటాయి, పక్కన మూడు శిఖరాల కొండా మధ్యలో మంచు రేకూ ఉన్న గుర్తు ఉంటుంది. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి లేకుండా కారు నడపడం చట్టవిరుద్ధం. శేఖర్ ఉన్న చోట అలాంటి చట్టం లేదు. కాబట్టి ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత పాదం. ముందు కారు బ్రేకు లైట్లు వెలిగాయి. అప్పుడు ఏం చేశావని అడిగితే మళ్లీ "యాక్సిలరేటర్" అనబోయాడు. నీ కుడి పాదం ఏ పెడల్ మీది నుంచి ఎటు వెళ్లిందో కుర్చీలో చేసి చూపించమన్నాను. కళ్లు మూసుకుని, పాదాన్ని గబుక్కున పైకి లేపాడు. లేపి అలాగే ఉండిపోయాడు.

అదీ జరిగింది. మూడో గేరులో వెళ్తున్న కారు యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేశాడు. ఇంజిన్ చక్రాలని వెనక్కి లాగింది. ఆ కారులో ఇంజిన్‌తో ముడిపడి ఉన్నవి వెనక చక్రాలే, కాబట్టి ఆ లాగుడంతా వాటి మీదే పడింది. పైగా వేగం తగ్గుతున్నప్పుడు కారు బరువు ముందుకి వాలి వెనక తేలికవుతుంది. బిగుసుకున్న రబ్బరు, కింద మంచు, పైన తగ్గిన బరువు. వెనక భాగం కుడివైపుకి జారిపోయింది. స్టెబిలిటీ కంట్రోల్ ఎందుకు ఆపలేదని తండ్రి అడిగాడు. అమెరికాలో అమ్మే కార్లకి 2012 మోడల్ నుంచి అది తప్పనిసరి, ఆ కారులోనూ ఉంది, లైటు మినుకుమంటూనే ఉందని శేఖర్ చెప్పాడు. అది ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి కారుని దారిలో పెడుతుంది. టైరుకి అసలు పట్టే లేనప్పుడు ఆ బ్రేకు కూడా జారడమే.

శేఖర్ చేతులు ఏం చేశాయో కూడా చూపించమన్నాను. స్టీరింగ్‌ని కుడికి తిప్పాడు, అంటే వెనక భాగం ఎటు జారిందో అటే. ఏ శిక్షకుడైనా నేర్పేది అదే. కారు తిరిగి దారిలోకి వచ్చింది కూడా. కానీ స్టీరింగ్‌ని వెంటనే నిటారుకి తేలేదు. వెనక భాగం మొదటిసారి కంటే బలంగా రెండో వైపుకి విసిరింది. మంచు మీద కార్లని తీసుకెళ్లేది ఎక్కువగా ఈ రెండో ఊపే. ఇది విన్నాక శేఖర్ చాలాసేపు మాట్లాడలేదు. ఏడు నెలలుగా తాను అంతా తప్పే చేశాననుకుంటున్నాడు. మొదటి అర సెకను అతని చేతులు సరిగ్గానే చేశాయి.

చివరికి లెక్క. శేఖర్ వంతెన ఎక్కిన వేగం గంటకి 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు, సెకనుకి 20 మీటర్లు. పొడి తారు మీద గట్టిగా బ్రేకు వేస్తే దాదాపు 29 మీటర్లలో ఆగుతుంది. మంచు మీద పట్టు ఏడో వంతుకి పడిపోతుందనుకుంటే 204 మీటర్లు కావాలి. ఆ వంతెన మ్యాప్‌లో కొలిస్తే 80 మీటర్లు. గంటకి 40 కిలోమీటర్లతో వచ్చి ఉంటే 63 మీటర్లు చాలు.

తండ్రి ఆ అంకెలని మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. "అంటే డెబ్బై మీదొస్తే ఇక్కడ ఎవడు తోలినా ఆగదు. నేను తోలినా ఆగదు" అన్నాడు. శేఖర్ తలెత్తి తండ్రి వైపు చూశాడు. నా అంచనాలో ఈ కేసు మలుపు తిరిగింది ఆ మాట దగ్గరే. ఆ మాట నేను అని ఉంటే అంత పనిచేసేది కాదు.

తర్వాత ఆయనే ఇంకో మాట అన్నాడు. నూర్పుల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు కదా, దాని మీదికి బైకు వస్తే ఏం చేస్తావురా అని. ధాన్యం కనిపించగానే, దాని మీదికి ఎక్కకముందే వేగం తగ్గిస్తాను, ఎక్కాక బ్రేకు ముట్టుకోను, హ్యాండిల్ తిప్పను, నిటారుగా పోనిస్తాను అన్నాడు శేఖర్. మన పల్లెల్లో బైకు తోలేవాడికి ఎవరూ నేర్పకుండానే వచ్చే తెలివి అది. మంచు వంతెనకీ కావలసింది అంతే. తేడా ఏమిటంటే ధాన్యం కంటికి కనిపిస్తుంది. మంచుని థర్మామీటరు చూసి, వంతెన చూసి ఊహించాలి.

మట్టి మీద

కాగితంతో అతని తలకి అర్థమైంది. చేతులకి, పాదాలకి ఇంకా తెలియాలి. ఇక్కడ ఎంత నేర్పాలన్నది నన్ను బాగా ఆలోచింపజేసింది. స్కిడ్‌ని సరిచేయడంలో ఆరితేరేలా నేర్పొచ్చు. కానీ నార్వేలో ఒకప్పుడు కొత్త డ్రైవర్లకి జారే రోడ్డు మీద శిక్షణ తప్పనిసరి చేస్తే, మంచు రోడ్ల మీద కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. పట్టుకోగలమన్న ధీమాతో వేగం తగ్గించడం మానేశారు. ఆ తర్వాత అక్కడి శిక్షణలో నైపుణ్యానికి బదులు ప్రమాదాన్ని ముందే గుర్తించడానికి చోటు పెంచారు. శేఖర్ విషయంలో నాకు కావలసింది ఇంతే: జారుడు ఎలా మొదలవుతుందో ఒళ్లుకి తెలియడం, మొదలైతే కళ్లూ చేతులూ పాదాలూ ఏం చేయాలో తెలియడం, అదే సమయంలో తన చేతిలో ఉన్నది ఎంత తక్కువో కూడా తెలియడం.

ఏ బండి వాడాలి? నా శిక్షణ కారుకి ముందు చక్రాలే తిరుగుతాయి. హ్యాండ్ బ్రేకు లాగి దాని వెనక భాగాన్ని జార్చవచ్చు, కానీ అప్పుడు జార్చేది నేనవుతాను. తన పాదం వదిలినందువల్ల జారడం అతనికి తెలియాలి. అందుకని ఖాళీ బొలెరో పికప్ తీసుకున్నాం. వెనక చక్రాల బండి, లోడు లేకపోతే వెనక తేలిక. వానాకాలంలో దాన్ని నడిపే ప్రతి డ్రైవరుకీ ఆ సంగతి తెలుసు. తెలిసినవారి సొంత స్థలం, అనుమతితో. చదునైన ఎర్రమట్టి, వాన పడి పైన జిగురుగా ఉంది. గట్లు, గుంటలు, రాళ్లు లేవని నడిచి చూసుకున్నాను. ఎత్తయిన బండి పక్కకి జారుతూ దేనికైనా తగిలితే బోల్తా పడుతుంది. వేగం గంటకి ఇరవై దాటనివ్వలేదు. ఇలాంటిది రోడ్డు మీద ఎవరూ చేయకూడదు.

మొదట వట్టి జారడం. రెండో గేరులో మెల్లగా వంపు తిరుగుతూ యాక్సిలరేటర్ గబుక్కున వదలడం. వెనక పక్కకి పోయినప్పుడు అతని మొహం పాలిపోయింది. బండిని ఆపి దిగి, మట్టిలో చక్రాల గుర్తులు చూపించాను. తర్వాత అదే వంపులో క్లచ్ నొక్కితే ఏమవుతుందో చేసి చూశాడు. ఇంజిన్ లాగుడు పోగానే వెనక చక్రాలు మళ్లీ స్వేచ్ఛగా తిరిగి దారిలో పడ్డాయి. మాన్యువల్ బండి నడిపేవాళ్లకి ఇది విలువైన సంగతి. ఆటోమేటిక్‌లో న్యూట్రల్.

కళ్ల విషయం దగ్గర ఎక్కువ సేపు ఉన్నాం. భయపడిన మనిషి తాను గుద్దుకోబోయేదాన్నే చూస్తాడు. చూపు ఎటుంటే చేతులు అటే పోతాయి. స్థలం చివర ఒక తాటిచెట్టుని గురిగా పెట్టి, బండి ఎటు తిరిగినా చూపు చెట్టు మీదే ఉంచమన్నాను. చూపు నిలిచాక, స్టీరింగ్‌ని సమయానికి నిటారుకి తేవడం దాదాపు దానంతటదే వచ్చింది. ఆ రెండో ఊపు ఆగిపోయింది.

ఒక దశలో శేఖర్ నవ్వడం మొదలుపెట్టాడు. ఇంకొంచెం వేగంగా చేద్దామా మాస్టారూ అన్నాడు. ఆ మాట వినగానే ఆ సాధన అక్కడితో ముగించాను. భయం తగ్గింది, మంచిదే. ధీమా మొదలవుతోంది, దాన్ని పెంచే పని నాకొద్దు. నవ్వుతూ దిగిన మనిషికే మళ్లీ చార్టు చూపించి, ఇరవై వేగంలో, దగ్గర్లో చెట్టూ గోడా లేని మైదానంలో చేశావు, అక్కడ వంతెన వెడల్పు రెండు లేన్లు అని గుర్తుచేశాను. అర్థం చేసుకున్నాడు.

మళ్లీ నాగావళి మీద

అప్పుడు వంతెనల దగ్గరికి తిరిగి వెళ్లాం. ఈసారి నడుపుతూ పైకి చెప్పాలి. వంతెనకి ముందు, ఇంకా నేల మీదే ఉండగా మూడు పనులు: వేగం తగ్గించడం, గేరు సరిచూసుకోవడం, ముందు బండికి ఎడం పెంచుకోవడం. వంతెన ఎక్కాక ఏ పనీ లేదు. పాదం నిలకడగా, చేతులు నిటారుగా, చూపు అవతలి చివర. "ముందు వంతెన. వేగం తగ్గిస్తున్నా. మూడో గేరు. ఎడం సరిపోతుంది. ఇక ఏం ముట్టుకోను." శేఖర్ గొంతు మొదట్లో వణికింది. కొన్ని రోజులకి మామూలైంది. ఊపిరి బిగపట్టడం పోయింది. మాట్లాడుతున్నవాడు ఊపిరి బిగపట్టలేడు కదా, అదీ ఒక ఉపయోగమే.

పైకి చెప్పడం ఎప్పుడు ఆపించాలన్నది ఇంకో నిర్ణయం. అలాగే వదిలేస్తే అది మంత్రంలా తయారవుతుంది, చెప్పకపోతే ఏదో జరుగుతుందన్న కొత్త భయం పుడుతుంది. సైకాలజిస్టు కూడా అదే అన్నారు. మూడు పనులూ అలవాటయ్యాక మాట మాన్పించాం. ఒకరోజు కావాలనే పాత సినిమా సంగతులు మాట్లాడుతూ వంశధార మీదికి తీసుకెళ్లాను. మూడు పనులూ చేశాడు, మాటా ఆపలేదు.

అక్కడికి వెళ్లాక

దసరా లోపే తిరిగి వెళ్లాడు. ఏ కారు కొనాలన్న దాని మీద చాలా ఫోన్లు నడిచాయి. స్పోర్ట్స్ కార్లంటేనే వద్దని నేను అనలేదు. సరైన టైర్లతో, సరైన కాలంలో అవి చక్కటి బండ్లు. చలికాలంలో రోజూ ఆఫీసుకి మాత్రం ముందు చక్రాల మామూలు సెడాన్ తీసుకోమన్నాను. నాలుగు చక్రాలూ తిరిగే కారైతే ఇంకా భద్రం కదా అని అడిగాడు. అది కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. ఆగేటప్పుడు అన్ని కార్లకీ టైరే దిక్కు. ముందు రెండు చక్రాలకే శీతాకాలపు టైర్లు వేస్తే డబ్బు కలిసొస్తుందనీ అడిగాడు. అప్పుడు ముందు పట్టు ఉండి వెనక పట్టు లేక, ఆ ఉదయం జరిగిందే మళ్లీ జరుగుతుంది. నాలుగూ వేయించమన్నాను, అక్టోబరు చివర్లోనే వేయించాడు.

మొదటి మంచు పడ్డాక ఒక ఆదివారం ఖాళీ పార్కింగ్ స్థలంలో, కాపలా వాళ్ల అనుమతితో, నెమ్మదిగా బ్రేకులు వేసి చూసుకున్నాడు. ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, పనిచేస్తున్నప్పుడు పెడల్ పాదం కింద ఎలా కొట్టుకుంటుందో ముందే తెలిసి ఉండాలి. తెలియనివాళ్లు బ్రేకు చెడిందనుకుని పాదం తీసేస్తారు.

ఆ చలికాలమంతా ఆఫీసుకి తనే నడుపుకుంటూ వెళ్లాడు. వాన పడుతూనే గడ్డకట్టే రోజుల్లో మాత్రం ఇంటి నుంచే పనిచేశాడు. భయం పూర్తిగా పోలేదనడానికి అది గుర్తా అని తండ్రి నన్నడిగాడు. కాదన్నాను. ఆ రోజుల్లో బయటికి వెళ్లకపోవడమే సరైన డ్రైవింగ్. కలలు బాగా తగ్గాయి, అప్పుడప్పుడూ వస్తున్నాయి, సైకాలజిస్టుతో వీడియోలో మాట్లాడుతున్నాడు. వంతెనల మీద భుజాలు కొంచెం బిగుస్తాయని తనే చెప్పాడు.

ఇప్పుడు బయటి దేశాలకి వెళ్లే పిల్లలు నా దగ్గరికొస్తే, అక్కడ చలికాలంలో ఎన్ని డిగ్రీలకి పడిపోతుందో ముందు అడుగుతున్నాను. కారు కొనేటప్పుడు టైరు పక్కగోడ చదవడం వాళ్లకి నేర్పుతున్నాను. ప్రమాదం తర్వాత వచ్చేవాళ్ల విషయంలో, ఏ రోడ్డు మీదికి తీసుకెళ్లే ముందైనా వాళ్ల పాదాలూ చేతులూ ఏం చేశాయో కుర్చీలో చేసి చూపించమంటున్నాను. నోటితో చెప్పే కథ చాలాసార్లు ఇంట్లోవాళ్లు చెప్పిన కథే అవుతోంది.

మార్చి చివర్లో శేఖర్ మెసేజ్ పెట్టాడు, ఎండ వచ్చింది, టైర్లు మార్చేయనా అని. మధ్యాహ్నం ఎండ చూసి మార్చొద్దు, నువ్వు ఆఫీసుకి బయలుదేరే వేళకి ఏడు డిగ్రీల పైన నిలకడగా ఉన్నాక మార్చు అన్నాను. ఏప్రిల్ సగం గడిచాక మార్పించాడు.